కొండ పొలం అమ్మకానికి ఎందుకు వస్తోంది?

"కొండల నడుమ ఐదెకరాల కాఫీ తోట. మిరియాల పాదులు, సిల్వర్ ఓక్ చెట్లు, పనసలు. పక్కనే ఏడాది పొడవునా పారే గెడ్డ. ఉండటానికి పెంకుటిల్లు. ఆనుకుని అడవి. ఊరికి దూరం, ప్రశాంతమైన చోటు. తక్కువ ధర, త్వరపడండి."

ఈ తరహా ప్రకటనలు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ తిరుగుతున్నాయి. అరకు, అనంతగిరి, పాడేరు, లంబసింగి, మారేడుమిల్లి పేర్లు వాటిలో ఎక్కువగా కనబడతాయి. చలికాలం మొదలై మంచు చూడటానికి జనం కొండెక్కే రోజుల్లో ఇవి మరీ పెరుగుతాయి. పట్టణాల్లో ఉద్యోగాలు చేసేవారు, రిటైరైనవారు, విదేశాల నుంచి డబ్బు పంపేవారు వీటికి ఆకర్షితులవుతున్నారు. మైదాన ప్రాంతంలో ఉన్న ఎకరమో రెండెకరాలో లేఅవుటుకు అమ్ముకుని, ఆ డబ్బుతో కొండమీద ఎక్కువ భూమి వస్తుందని ఆశపడుతున్న రైతులూ ఉన్నారు. "కొనొచ్చా?" అని మన సభ్యులే అడుగుతున్నారు కాబట్టి దీని గురించి సూటిగా మాట్లాడుకోవాలి.

కొనకూడదు. చట్టం ఒప్పుకోదు కాబట్టి కొనకూడదు, రైతు సంఘంగా మనం నిలబడే న్యాయం ఒప్పుకోదు కాబట్టీ కొనకూడదు. అయితే అంతటితో మన బాధ్యత తీరదు. ఆ ప్రకటన వెనక పొలం అమ్ముకోవాల్సిన పరిస్థితిలో ఒక రైతు ఉన్నాడు. అతని సంగతి ఏమిటన్నది అసలు ప్రశ్న.

చట్టం ఏం చెబుతోంది

ఐదో షెడ్యూల్ కింద ఉన్న ఏజెన్సీ గ్రామాల్లో భూమి బదిలీకి 1959 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ వర్తిస్తుంది. 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకీ విస్తరించారు. 1970లో దానికి చేసిన సవరణనే అందరం 1/70 అని పిలుస్తాం. అది 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉంది.

దాని సారం తేలికగానే అర్థమవుతుంది. ఏజెన్సీలో భూమి షెడ్యూల్డ్ తెగకు చెందిన వ్యక్తికి, లేదా కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప మరెవరికీ బదిలీ కాకూడదు. అమ్మేది గిరిజనుడైనా, గిరిజనేతరుడైనా సరే, కొనేది గిరిజనేతరుడైతే ఆ బదిలీ చెల్లదు. అంతేకాదు, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుల నుంచి వచ్చినదేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆ భూమి పట్టుకున్నవాడిదే. 1978 సవరణ ఇలాంటి కొనుగోలును శిక్షార్హమైన నేరం చేసింది. దానికి ఏడాది వరకు జైలు పడవచ్చు.

ఈ రెగ్యులేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని గిరిజనేతర భూస్వాములు కోర్టులకెక్కారు. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1997 జూలై 11న సమత కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదంది. ఆ కేసుకు మూలం అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల మైనింగ్ లీజులు. ప్రభుత్వమే లీజుకు ఇవ్వలేని చోట దళారి మనకు అమ్మి పెడతానంటే నమ్మేదెలా?

కాగితాల మాయ

"రిజిస్ట్రేషన్ కాదని మాకూ తెలుసు, వేరే దారి ఉంది" అంటారు దళారులు. ఆ దారులు ఎలా ఉంటాయో తెలుసుకుందాం.

ఒకటి, దీర్ఘకాలిక లీజు. 33 ఏళ్లకో 99 ఏళ్లకో నోటరీ చేయించిన కాగితం చేతిలో పెడతారు. రెండోది బినామీ. ఎవరో ఒక గిరిజనుడి పేరున కొని, అనుభవం మాత్రం మనం పెట్టుకోవచ్చంటారు. డబ్బున్న వాళ్లు తమ దగ్గర పనిచేసే డ్రైవరునో, తోటమాలినో ఇందుకు వాడుకుంటున్నారు. గిరిజన యువతిని పెళ్లాడి ఆమె పేరున భూములు కూడబెట్టి, పని తీరాక ఆమెను వదిలేసిన ఉదంతాలూ ఏజెన్సీలో వింటాం. మూడోది అప్పు కాగితం. పొలం యజమానికి అప్పిచ్చినట్టు ప్రామిసరీ నోటు రాయించుకుని, తీర్చేదాకా పొలం మన దగ్గరుంటుందని ఒప్పందం చేసుకుంటారు. నాలుగోది అభివృద్ధి ఒప్పందం. రైతు భూమి, మన పెట్టుబడి, కాటేజీలు కట్టి లాభం పంచుకుందామంటారు. అయిదోది జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ.

రెగ్యులేషన్‌లో బదిలీ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనాన్ని ఒక్కసారి చదివితే ఈ మాయ విడిపోతుంది. అమ్మకంతో పాటు తనఖా, లీజు, దానం, మార్పిడి, వీటికి సంబంధించిన ఒప్పందం అన్నీ అందులోకి వస్తాయి. తనఖా అయితే స్వాధీనం ఇచ్చినా, ఇవ్వకపోయినా ఒకటే. కాగితానికి ఏ పేరు పెట్టుకున్నా అది చెల్లదు.

అలా కొన్నవాడి గతేమిటో కూడా చెప్పుకోవాలి. అతనికి పట్టాదారు పాసుపుస్తకం రాదు. అడంగల్‌లో పేరెక్కదు. పంట రుణం, బీమా, నష్టపరిహారం ఏవీ అందవు. పేరు అరువిచ్చిన బినామీ రేపు ఎదురు తిరిగితే కోర్టుకు వెళ్లి "నాదే" అని చెప్పుకునే వీలుండదు. చెప్పుకుంటే తానే నేరం ఒప్పుకున్నట్టు. ప్రభుత్వ ఉద్యోగి రాతపూర్వకంగా సమాచారమిచ్చినా, సంబంధం ఉన్న ఎవరైనా దరఖాస్తు పెట్టినా, అధికారి తనంతట తానైనా విచారణ జరిపి అతన్ని ఖాళీ చేయించవచ్చు. దళారి కమీషన్ మాత్రం ఎప్పుడో జేబులో పడి ఉంటుంది. కష్టపడి దాచుకున్న సొమ్ము పోగొట్టుకునేది సాధారణంగా మనలాంటి మధ్యతరగతి కుటుంబాలే. పలుకుబడి ఉన్నవాళ్లు కేసు ఏళ్ల తరబడి నడిచేలా చూసుకుంటూ తోట అనుభవిస్తూనే ఉంటారు.

ఆనుకుని ఉన్న అడవి ఎవరిది?

ప్రకటనలో ఎక్కువ ఆకర్షించే మాట అడవి. కొండల్లో రైతు సాగులో ఉన్న భూమిలో చాలాభాగం అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినదో, రావాల్సినదో అయి ఉంటుంది. 2006లో వచ్చిన ఆ చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న పోడు భూమి మీద, కుటుంబానికి 4 హెక్టార్ల వరకు హక్కు ఇచ్చింది. భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇవ్వాలంది. ఆ హక్కు పిల్లలకు వారసత్వంగా వస్తుంది. అమ్మడానికి, మరొకరికి బదలాయించడానికి మాత్రం వీల్లేదు. అంటే ఆ భూమిని గిరిజనుడు మరో గిరిజనుడికి అమ్మడమూ కుదరదు.

ఇక తోటను ఆనుకుని ఉన్న అడవి ఊరందరి ఉమ్మడి ఆధారం. అక్కడ అడ్డాకులు కోస్తారు. చింతపండు, కరక్కాయ, ఉసిరి, కొండచీపుర్లు, తేనె తెచ్చుకుంటారు. పశువులు మేపుతారు. వంటచెరకు ఏరుకుంటారు. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు అదే చట్టం ఆ గ్రామాల వారికి ఇచ్చింది. ఇలాంటి చోట ఒక బయటి వ్యక్తి ఐదెకరాలకు కంచె వేశాడనుకుందాం. ఊరికీ అడవికీ మధ్య ఉన్న కాలిబాట మూసుకుపోతుంది. గెడ్డలో పైపు వేసి కాటేజీకి నీళ్లు మళ్లిస్తారు. కింద వరి మడికి అందే ఊటనీరు తగ్గుతుంది. కారు వెళ్లేందుకు చెట్లు కొట్టి దారి వేస్తారు. నీడ పోతే కాఫీ నిలబడదు. ఐదెకరాలు చేతులు మారితే నష్టం ఊరంతటికీ తగులుతుంది.

రక్తం చిందాక వచ్చిన రక్షణ

"ఎప్పటి చట్టమో, ఇప్పుడు కాలం మారింది" అనేవారికి ఆ చట్టం ఎలా వచ్చిందో గుర్తు చేయాలి. మన్యంలో భూమి చేతులు మారకుండా ఆపాలన్న ఆలోచన బ్రిటిష్ పాలకులకే కలిగింది. 1879లో రంప తిరుగుబాటు వాళ్లను వణికించింది. కల్లు మీద పన్నులు, మన్సబ్‌దారు దోపిడీ, మైదానాల నుంచి వచ్చిన షావుకార్ల అప్పులు దాని కారణాలు. మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీలో భూబదిలీలను కట్టడి చేసే చట్టం తెచ్చింది. అమలు సరిగా లేక షావుకార్ల పట్టు తగ్గలేదు. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం మళ్లీ లేచింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఉప్పుకు, బట్టకు, పెళ్లి ఖర్చుకు చేసిన చిన్న అప్పులకు పొలాలు పోతూనే ఉన్నాయి. శ్రీకాకుళం కొండల్లో గిరిజన సంఘం ఆ భూముల కోసం, కూలి రేట్ల కోసం నిలబడింది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల ముఠా కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత సాగిన ఉద్యమ వేడిలోనే 1970 సవరణ వచ్చింది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదది.

మన రాష్ట్రాలే ఇలాంటి ఆంక్షలు పెట్టాయనుకోనక్కర్లేదు. హిమాచల్ ప్రదేశ్‌లో వ్యవసాయదారు కానివారు వ్యవసాయ భూమి కొనాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని 1972 నాటి చట్టం 118వ సెక్షన్ చెబుతోంది. ఉత్తరాఖండ్ 2018లో ఆంక్షలు సడలించి, కొండ భూములు రిసార్టుల పాలవుతున్నాయని ప్రజలు ఆందోళన చేశాక 2025లో వెనక్కి తగ్గింది. 13 జిల్లాల్లో 11 జిల్లాల్లో బయటి రాష్ట్రాల వారు వ్యవసాయ, తోట భూములు కొనకుండా చట్టం చేసింది. తలుపులు తెరిచి చూసిన కొండ రాష్ట్రం మళ్లీ మూసుకుంటున్న కాలంలో మన దగ్గర తెరవమని కొందరు అడుగుతున్నారు.

అమ్మకునే హక్కు లేదా అన్న ప్రశ్న

చట్టాన్ని సడలించమనే వాళ్లు ఒక వాదన చేస్తారు. "మైదానంలో రైతు తన భూమి ఎవరికైనా అమ్ముకోవచ్చు. గిరిజన రైతుకు ఆ స్వేచ్ఛ ఎందుకు లేదు? కొనేవాళ్లు తక్కువైతే ధర తగ్గదా? కూతురి పెళ్లికో, గుండె ఆపరేషన్‌కో డబ్బు కావాల్సి వస్తే అతనేం చేయాలి?"

ఈ వాదన చేసేవాళ్లలో చాలామందికి గిరిజన రైతు మీద ప్రేమ లేదని మనకు తెలుసు. అయినా ప్రశ్నలో నిజముంది. దాన్ని దాటేసి మాట్లాడితే కొండ మీద మన మాట ఎవరూ వినరు. ఆసుపత్రి ఖర్చు నెత్తిన పడ్డ మనిషికి చట్టం నిషేధం గురించి ఉపన్యాసం చెబితే ఉపయోగం లేదు. అతను ఆ రాత్రే దళారి దగ్గరకు వెళ్తాడు. చట్టవిరుద్ధమైన అమ్మకం కాబట్టి దళారి చెప్పిందే ధర అవుతుంది.

దీనికి సమాధానం ఆ రెగ్యులేషన్‌లోనే ఉంది. పాలకులు దాన్ని పక్కన పడేశారు. భూమి అమ్ముకోదలచిన వ్యక్తికి కొనే గిరిజనుడు దొరక్కపోయినా, అతను అడిగిన ధరకు ఎవరూ ముందుకు రాకపోయినా, ఆ భూమిని ప్రభుత్వమే తీసుకోవాలని ఏజెంటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పరిహారం చెల్లించి ప్రభుత్వం ఆ భూమి తీసుకుని, గిరిజనులకో వారి సహకార సంఘానికో ఇవ్వవచ్చు. మూడో సెక్షన్‌లో ఇది స్పష్టంగా రాసి ఉంది. ఈ సంగతి ఎంతమంది గిరిజన రైతులకు తెలుసు? ఏ మండల కార్యాలయంలో దీని గురించి బోర్డు పెట్టారు? పైగా పరిహారం లెక్కను 1961 నాటి భూపరిమితి చట్టానికి ముడిపెట్టారు. అలాంటి రేటుకు ఎవరు దరఖాస్తు పెడతారు? తలుపు ఉంది, తుప్పు పట్టిన తాళం వేసి ఉంచారు.

అప్పు సంగతీ అంతే. ఏజెన్సీ భూమి తాకట్టుకు పనికిరాదని బ్యాంకుల్లో చెబుతుంటారు. 1971 సవరణ ప్రకారం గిరిజనుడు తన భూమిని స్వాధీనం వదులుకోకుండా సహకార సంఘానికి, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకు తనఖా పెట్టవచ్చు. బాకీ తీరకపోతే బ్యాంకు ఆ భూమిని అమ్మవచ్చు, కొనేది గిరిజనుడై ఉండాలి. చట్టం వీలు కల్పించినా బ్యాంకు చేయి చాచకపోతే మిగిలేది షావుకారు గుమ్మమే.

కాఫీ రైతు బాధ

భూమి అమ్మకానికి వచ్చేది ఒక్క రోజులో కాదు. పాడేరు, చింతపల్లి వైపు కాఫీ రైతుల సంవత్సరం చూస్తే తెలుస్తుంది. లక్ష ఎకరాలకు పైగా కాఫీ ఉన్న ప్రాంతమది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెద్ద నగరాల్లో ఆ పేరు మీద కప్పు కాఫీ ఎంతకు అమ్ముతున్నారో మనకు తెలుసు. పండించేవాడి తోట మాత్రం ఎకరం, రెండెకరాలు. పండు కోత చలికాలంలో వస్తుంది. డబ్బు అవసరం మాత్రం వానల్లోనే మొదలవుతుంది. పిల్లల చదువు, జ్వరాలు, తిండిగింజలు అన్నీ అప్పుడే. అప్పుడు అడ్వాన్స్ ఇచ్చిన ప్రైవేటు వ్యాపారికే పండు వచ్చాక అతను చెప్పిన రేటుకు ఇవ్వాలి.

1956లో గిరిజన సహకార సంస్థను పెట్టింది ఈ బంధం తెంచడానికే. అది రంగంలోకి దిగి ముందే ధర ప్రకటించిన ఏడాది వ్యాపారులూ ధర పెంచక తప్పదు. కొనుగోలు ఆలస్యమైనా, చెల్లింపు ఆలస్యమైనా రైతు మళ్లీ పాత గుమ్మానికే. 2025లో అరకు వైపు కాఫీ కాయ తొలిచే పురుగు కనబడింది. ఇలాంటి దెబ్బ రెండేళ్లు వరసగా తగిలితే ఎకరం తోట ఉన్న కుటుంబం తట్టుకోలేదు. ఆ ఇంటికే దళారి వస్తాడు. అతనికి ఏ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడో, ఎవరు ఎంత అప్పులో ఉన్నారో అన్నీ తెలుసు.

మైదానంలో మనకు ఇది కొత్త కథ కాదు. గిట్టుబాటు ధర లేక, అప్పు తీరక, లేఅవుటు వాళ్లకు భూమి అప్పగించిన కుటుంబాలు మన ప్రతి మండలంలో ఉన్నాయి. అమ్ముకునే స్వేచ్ఛ మనకు పూర్తిగా ఉంది. ఆ స్వేచ్ఛ ఎంతమందిని భూమి మీద నిలబెట్టింది? నిన్నటి రైతు ఈరోజు అదే లేఅవుటుకు కాపలాదారుగా ఉన్నాడు. కొండ మీద ఆ కథ పునరావృతం కాకుండా ఆపుతున్నది 1/70 ఒక్కటే.

పర్యాటకం పేరు చెప్పి

2025 ఆరంభంలో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సమావేశంలో శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు 1/70 సవరణ గురించి మాట్లాడారు. ఏజెన్సీ భగ్గుమంది. ఫిబ్రవరిలో ఆదివాసీ సంఘాల పిలుపు మీద మన్యం బంద్ జరిగింది. ఆ చట్టాన్ని మార్చే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. అది ఐక్యత సాధించిన విజయం. కానీ చట్టాన్ని మార్చకుండానే దొడ్డిదారిన లీజులతో, బినామీలతో నీరుగార్చడం సాగుతూనే ఉంది. కాబట్టి ప్రకటనతో ఊరుకోకూడదు.

పర్యాటకానికి మనం వ్యతిరేకం కాదు. వంజంగి మబ్బులు చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కడో ఒకచోట తినాలి, పడుకోవాలి. ఆ ఇల్లు గిరిజన కుటుంబానిదే ఎందుకు కాకూడదు? గ్రామసభ తీర్మానంతో, ఐటీడీఏ రుణంతో, మహిళా సంఘాల నిర్వహణలో బస ఇళ్లు నడిస్తే ఉపాధి అక్కడే మిగులుతుంది, భూమి చేతులు మారదు. పెట్టుబడిదారుడు కట్టిన రిసార్టులో గిరిజనుడికి దక్కేది గిన్నెలు తోమే పనీ, గేటు కాపలా పనీ మాత్రమే.

ఇక్కడ ఇంకో సంగతి కలపకుండా చూసుకోవాలి. ఏజెన్సీలో తరాలుగా కష్టం చేసుకు బతుకుతున్న గిరిజనేతర పేదలున్నారు. ఇళ్ల స్థలాలు, పిల్లల చదువు, ఉపాధి విషయంలో వారి సమస్యలు వేరు. వాటిని ప్రభుత్వం విడిగా పరిష్కరించాలి. వారాంతపు విడిది కోసం తోటలు కూడబెట్టుకునేవాళ్లు ఆ పేదలను ముందు నిలబెట్టి తమ పని జరుపుకోవడాన్ని మనం ఒప్పుకోరాదు.

మైదానం రైతుకు ఏమిటి సంబంధం?

కొండల గొడవ మనకెందుకని అనుకునే సభ్యులు ఒక్కసారి తమ కాలువ ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవాలి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల మీదుగా దిగి తాటిపూడి జలాశయానికి చేరుతుంది. ఆ నీరు విజయనగరం పొలాలకూ విశాఖ నగరానికీ అందుతోంది. శారదా నది కొండల నుంచి దిగి రైవాడను నింపి అనకాపల్లి వైపు పోతుంది. తాండవ ఆయకట్టు నర్సీపట్నం, తుని వైపు రైతులది. ఈ నదులేవీ హిమాలయాల మంచు నుంచి రావు. వానాకాలంలో కొండ పీల్చుకున్న నీటిని అడవి నెమ్మదిగా వదిలితేనే చలికాలం దాకా గెడ్డలు పారతాయి. పైన అడవి ముక్కలైతే వానలో వరద, వాన వెళ్లగానే ఎండిన వాగు. పూడిక వచ్చి పడేది మన జలాశయాల్లోనే.

కొండమీద చెట్టును ఇన్నాళ్లు నిలబెట్టింది ఆ నీడలో కాఫీ, మిరియాలు పండించే రైతు. అతను భూమి మీద ఉంటే చెట్టు ఉంటుంది. అతను కూలీగా దిగివస్తే మన ఊళ్లలో కూలి రేటు పడుతుంది, మన కాలువలో నీరూ తగ్గుతుంది. ఇది దయ చూపే వ్యవహారం కాదు. మన రెండు రైతాంగాల బతుకులు ఒకే నీటితో ముడిపడి ఉన్నాయి.

మనం ఏం కోరాలి, ఏం చేయాలి

మొదటిది, అవసరం కొద్దీ అమ్ముకోవాల్సి వచ్చిన గిరిజన రైతు భూమిని ప్రభుత్వమే న్యాయమైన ధరకు కొనాలి. 1961 నాటి లెక్క పక్కన పెట్టి ఇప్పటి విలువ ప్రకారం పరిహారం ఇచ్చేలా ఆ ఒక్క అంశాన్ని సవరించాలి. ప్రతి ఐటీడీఏలో ఇందుకు నిధి ఉండాలి. దరఖాస్తు మీద గడువులోగా నిర్ణయం జరగాలి. అలా తీసుకున్న భూమిని అదే గ్రామంలోని భూమిలేని గిరిజన కుటుంబానికి, మహిళ పేరును చేర్చి ఇవ్వాలి.

రెండోది, 1/70 పట్టాలకూ అటవీ హక్కుల పట్టాలకూ పంట రుణం తప్పనిసరి చేయాలి. కాఫీ, మిరియాలకు సీజనుకు ముందే ధర ప్రకటించి, వానాకాలంలో అడ్వాన్స్ ఇచ్చి, సరుకు తూచిన వెంటనే డబ్బు చెల్లించే బాధ్యత గిరిజన సహకార సంస్థ మీద పెట్టాలి. పెట్టుబడి ప్రభుత్వం ఇవ్వాలి.

మూడోది, భూబదిలీ కేసులను తేల్చే ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్ల పోస్టులు ఖాళీగా ఉంచకూడదు. తీర్పు వచ్చిన భూమిని కాగితం మీద కాక నేల మీద గిరిజనుడికి అప్పగించాలి. అమ్మకపు ప్రకటనలు వేసే దళారుల మీద కేసులు పెట్టాలి.

నాలుగోది, 1996 నాటి పెసా చట్టం భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే, పోయిన భూమిని తిరిగి ఇప్పించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలంది. ఆ అధికారాన్ని నిజంగా అప్పగించాలి. ఐదో షెడ్యూల్‌లో చేరని గిరిజన గ్రామాలకు 1/70 రక్షణ లేదు. దళారులు మొదట వాలేది అక్కడే. ఆ గ్రామాలను షెడ్యూల్‌లో చేర్చాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడగాల్సినవి. మన శాఖలు చేయాల్సిన పని కూడా ఉంది. కొండ దిగువ మండలాల్లోని ప్రతి శాఖ వచ్చే సమావేశంలో ఈ విషయం ఎజెండాలో పెట్టాలి. సభ్యులెవరైనా కొండ భూమికి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, ఇంకా డబ్బు కట్టకుండా ఆపి, ఇచ్చింది దళారి దగ్గర తిరిగి రాబట్టుకోవడానికి సంఘం తోడుండాలి. తమ ఊళ్లో జరుగుతున్న బినామీ బేరాల వివరాలు తెలిస్తే ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. గిరిజన సంఘాలతో కలిసి సంతల్లో, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల దగ్గర కరపత్రాలు పంచాలి. ఆ కరపత్రంలో "అమ్మకూడదు" అన్న మాటతో పాటు, కష్టమొస్తే ఎక్కడ దరఖాస్తు పెట్టాలో, ఎలా రాయాలో కూడా ఉండాలి. మొదటి దరఖాస్తులు మన కార్యకర్తలే దగ్గరుండి రాయించి, జవాబు వచ్చేదాకా వెంటపడాలి. అలా నాలుగు దరఖాస్తులకు ప్రభుత్వం డబ్బు చెల్లించే రోజు వస్తే దళారి ఆ ఊరికి రావడం తగ్గిస్తాడు.